ముగ్గురినే వెంట తీసుకెళ్లగలం: బాల్డర్స్ గేట్ 3లో తోటివాళ్లతో నా అనుభవం

మొదటిసారి ఆట పూర్తయ్యేసరికి నేను పోగొట్టుకున్నవాళ్లు వీళ్లు. గేల్ నా మీద నమ్మకం పోయి వెళ్లిపోయాడు. లేజెల్‌ను బోనులోనే వదిలేశాను. లాస్ట్ లైట్ సత్రంలో ఉన్నవాళ్లంతా చనిపోయారు. కార్లాక్ మాత్రం చివరిదాకా నాతోనే ఉంది, కానీ ఒక్క మనిషినీ ముట్టుకోలేని స్థితిలోనే ఉండిపోయింది. శత్రువు ఓడిపోయాడు, ముగింపు సీన్ వచ్చింది, పేర్లు పడుతున్నాయి. నాకు మాత్రం సంతోషం లేదు. రెండు రోజులు ఆగి మళ్లీ కొత్త పాత్రతో మొదలుపెట్టాను. ఈసారి కథ కోసం కాదు, వీళ్లకోసం.

ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు. లారియన్ స్టూడియోస్ అనే బెల్జియం కంపెనీ 2023 ఆగస్టు 3న ఈ వీడియో గేమ్‌ను పీసీలో విడుదల చేసింది. మన తలలోకి ఒక పురుగు చేరుతుంది. అది ఎదిగితే మనం మైండ్ ఫ్లేయర్ అనే రాక్షసుడిగా మారిపోతాం. అదే పురుగు ఉన్న ఇంకొందరు దారిలో కలుస్తారు. అందరం కలిసి మందు వెతుక్కుంటూ బయల్దేరతాం. పార్టీలో నలుగురికే చోటు, అంటే మనం కాక ముగ్గురు. కలిసే అవకాశం ఉన్నవాళ్లు పదిమంది. మిగతావాళ్లు క్యాంపులో ఉంటారు.

నా తప్పు మొదలైంది ఆ పురుగు దగ్గరే. కొన్ని రోజుల్లో మారిపోతావని ఎదురైన ప్రతివాళ్లూ చెబుతుంటే నాకు టెన్షన్ పట్టుకుంది. రాత్రి క్యాంపుకు వెళ్లి పడుకుంటే ఒక రోజు పోతుంది కదా అని, దెబ్బలు తిని మంత్రాలు అయిపోయినా మందు సీసాలు తాగుతూ ముందుకే నడిచాను. మొదటి అంకం మొత్తం మీద పడుకున్నది ఐదారుసార్లే. ఆటలో ఆ పురుగుకు గడువు లేదని తర్వాత తెలిసింది. గడువు ఉన్నవి కొన్నే. తగలబడుతున్న వాకీన్స్ రెస్ట్ అనే సత్రం దగ్గరికి చేరి, లోపల చిక్కుకున్నవాళ్లను వదిలేసి వెళ్లి పడుకుంటే మాత్రం వాళ్లు దక్కరు. అలాంటి చోట్ల ఆగకూడదు. మిగతా రోజుల్లో ఎన్ని రాత్రులు పడుకున్నా ఏమీ కాదు.

ఏమీ కాదు అనడం కూడా తప్పే. పడుకుంటేనే అన్నీ జరుగుతాయి. ఈ ఆటలో మనుషులు మనసు విప్పేది రాత్రి పూటే. ఒక రాత్రికి సాధారణంగా ఒక సంఘటనే వస్తుంది, మిగిలినవి వరుసలో వెయిట్ చేస్తుంటాయి. వాటి వంతు రాకముందే మనం తర్వాతి అంకంలోకి అడుగుపెడితే కొన్ని ఇక రానే రావు. నేను మొదటిసారి అలా ఎన్ని మాటలు వినకుండా పోగొట్టుకున్నానో రెండోసారి ఆడుతుంటే ఒక్కొక్కటిగా తెలిసింది. ప్రతి కొత్త మాటకూ సంతోషం, వెంటనే ఇది అప్పుడే విని ఉండాల్సిందే అన్న బాధ.

పూర్తి విశ్రాంతికి మామూలు స్థాయిలో 40 క్యాంప్ సప్లైస్ కావాలి, కష్టమైన స్థాయిలో 80. తిండి సామాను దాచుకోవాలనే పిసినారితనం ఉన్నవాళ్లకు ఒక ఉపాయం చెబుతాను. అసలు తిండి పెట్టకుండా సగం విశ్రాంతి తీసుకునే వీలుంది. ఒంట్లో శక్తి సగమే తిరిగొస్తుంది, కానీ ఆ రాత్రి జరగాల్సిన సంఘటన మాత్రం జరుగుతుంది. పెద్ద పోరాటం ఏదీ దగ్గర్లో లేనప్పుడు వరుసగా రెండు మూడు రాత్రులు ఇలా గడిపి, పొద్దున్నే ఎవరి తల మీద ఆశ్చర్యార్థకం గుర్తు ఉందో చూసుకుని, వాళ్లతో మాట్లాడి బయల్దేరేదాన్ని.

ఇక మనుషుల విషయానికి వస్తాను.

షాడోహార్ట్‌ను మొదటిసారి చూసేది మైండ్ ఫ్లేయర్ల ఓడలో. గాజు తొట్టెలాంటి దాంట్లో ఇరుక్కుని లోపలినుంచి బాదుతూ ఉంటుంది. మన పక్కనున్న లేజెల్ టైం లేదు, వదిలెయ్ అంటుంది. మొదటిసారి ఆ మాట విని వదిలేశాను. ఓడ కూలాక తీరంలో మళ్లీ కనిపించింది, బతికే ఉంది. కానీ నేను వదిలేసి వెళ్లిన సంగతి మర్చిపోలేదు. రెండోసారి పక్క గదిలోకి వెళ్లి, అక్కడ పడి ఉన్న శవం దగ్గర దొరికే రాయి తెచ్చి, తొట్టె పక్కనున్న యంత్రంలో పెట్టాను. మూత తెరుచుకుంది. పట్టింది ఒక్క నిమిషం. ఆ నిమిషం తర్వాత ఆమె నాతో మాట్లాడే తీరే వేరు.

గేల్ దొరికే తీరు నాకు చాలా ఇష్టం. దారి పక్కన రాతి మీద ఊదారంగు వలయం ఒకటి సుడి తిరుగుతూ ఉంటుంది. దగ్గరికి వెళితే అందులోంచి ఒక చెయ్యి, మోచేతిదాకా, బయటికి వచ్చి గాల్లో తడుముకుంటుంది. లోపలినుంచి సాయం అడిగే గొంతు. ఆ చేతిని ఒక దెబ్బ కొట్టే ఆప్షన్ కూడా ఉంది, నాకు మనసొప్పలేదు. పాచిక వేసి (కష్టమైన పని ఫలిస్తుందో లేదో ఈ ఆటలో పాచికే తేలుస్తుంది) లాగితే మనిషి బయటపడి, దుమ్ము దులుపుకుని, ఎంతో మర్యాదగా పరిచయం చేసుకుంటాడు. కొన్నాళ్లకు ఒక మాట అడుగుతాడు: నా ఒంట్లో ఒక జబ్బు ఉంది, అప్పుడప్పుడూ మాయ వస్తువు ఒకటి ఇస్తే దాన్ని లోపలికి పీల్చుకుని తట్టుకుంటాను, వివరాలు తర్వాత చెబుతాను.

మొదటిసారి నేను ఇవ్వనన్నాను. సంచిలో ఉన్నవే నాలుగు మాయ వస్తువులు, ప్రతిదీ పనికొచ్చేలా కనిపించింది. మళ్లీ అడిగాడు, మళ్లీ కాదన్నాను. ఒకరోజు వెళ్లిపోయాడు. రెండోసారి అర్థమైంది, వాడికి గొప్ప వస్తువు అక్కర్లేదు. మనం ఎప్పటికీ వాడని చౌక ఉంగరం ఇచ్చినా చాలు. అలా మూడుసార్లు ఇస్తే సరిపోతుంది. అందుకని ఆట మొదట్లో పనికిరాని మాయ వస్తువు దొరికినా అమ్మకుండా క్యాంప్ పెట్టెలో పడేసి ఉంచండి. గేల్ అడిగేది వస్తువునే, కానీ కారణం పూర్తిగా తెలియకముందే తనను నమ్ముతామా లేదా అనే పరీక్ష కూడా అందులో ఉంది. వాడు అసలు సంగతి చెప్పిన రాత్రి నేను కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను.

లేజెల్ బోనులో వేలాడుతూ ఉంటుంది, కింద ఇద్దరు టీఫ్లింగ్‌లు (కొమ్ములు, తోక ఉండే జాతివాళ్లు) కాపలా. మాట తీరు కటువు, కృతజ్ఞత చెప్పడం చేతకాదు. మొదటిసారి ఆ పొగరు చూసి నా దారిన నేను పోయాను. ఈసారి ఆ ఇద్దరికీ సర్దిచెప్పి పంపించేసి, బాణంతో బోను దించాను. యుద్ధంలో ఆమెలా ముందు నిలబడేవాళ్లు తక్కువ. పైగా ఆ కటువుదనం వెనక, తను పుట్టి పెరిగిన సమాజం చెప్పిన ప్రతిమాటనూ నిజమని నమ్మిన పిల్ల ఉంది. ఆ నమ్మకం ఎలా విరుగుతుందో కొండల్లోని వాళ్ల స్థావరానికి ఆమెనే వెంట తీసుకెళ్లి చూడాలి. దయచేసి ఆమెను క్యాంపులో వదిలి అక్కడికి వెళ్లకండి.

తోటివాళ్లకు మన మీద ఉండే అభిప్రాయాన్ని ఆట అప్రూవల్ అనే అంకెతో కొలుస్తుంది. సున్నా దగ్గర మొదలై 100 దాకా పెరుగుతుంది, కిందికి కూడా పోతుంది, బాగా దిగజారితే వాళ్లు వెళ్లిపోతారు. మనం ఏదైనా చేసినప్పుడు పలానావాళ్లకు నచ్చింది, నచ్చలేదు అని తెర మీద చిన్న అక్షరాల్లో పడుతుంది. చాలావరకు ఆ సమయంలో పక్కన ఉన్నవాళ్లకే ఈ లెక్క. నేను కొన్నాళ్లు దీన్ని బడ్జెట్‌లా నడిపాను. పేదవాళ్లకు సాయం చేస్తే అస్టారియన్ అనే తోటివాడికి నచ్చదు, కాబట్టి అలాంటి పని ఉన్నప్పుడు అతన్ని క్యాంపులో వదిలేసి, పెట్టెల తాళాలు తీయాల్సి వచ్చినప్పుడు పిలుచుకునేదాన్ని. మైనస్‌లు పడలేదు. కానీ మా ఇద్దరి మధ్య మాటలే లేవు. తాళాలు తీసే పనివాడిలా అయిపోయాడు.

అందుకని ఆ పద్ధతి మానేశాను. మంచిపని చేస్తున్నప్పుడు కూడా పక్కనే ఉంచుకున్నాను. మూతి ముడుచుకున్నాడు, వెటకారాలాడాడు, అంకె రెండు మూడుసార్లు కిందికి పోయింది. కానీ ఒక రాత్రి కళ్లు తెరిచేసరికి నా మెడ మీదికి వంగి ఉన్నాడు. రక్తం తాగే మనిషి అని అప్పుడు బయటపడింది. భయపడి వెనక్కి జరిగి, ఎన్నాళ్లుగా ఆకలితో ఉన్నాడో విన్నాను. అవసరమైనంతే తాగమని ఒప్పుకున్నాను. మర్నాడు నా పాత్ర నీరసంగా ఉంది, పాచిక వేసినప్పుడల్లా ఒకటి తగ్గుతోంది. అస్టారియన్ మాత్రం హుషారుగా ఉన్నాడు. అతన్ని బానిసగా పెట్టుకున్న కజాడోర్ గురించి చెప్పినప్పుడు, నీ పక్కన నిలబడతాను అన్నాను. అదివరకు పోయిన అంకెలన్నీ తిరిగొచ్చాయి. వాడి కోసం నా తీరు మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

విల్, కార్లాక్ ఇద్దరిదీ ముడిపడిన కథ. విల్‌ది ఒక దెయ్యపు యజమానురాలితో ఒప్పందం, ఆమె పేరు మిజోరా. ఆమె ఆజ్ఞ మీద కార్లాక్ అనే రాక్షసిని వేటాడుతూ ఉంటాడు. నదిపక్కన ఆమెను కలిసినప్పుడు చూస్తే రాక్షసి కాదు, నరకంలో గుండె పీకేసి ఆ స్థానంలో మండే ఇంజిన్ పెట్టిన ఒక టీఫ్లింగ్. ఆ మంట వల్ల ఎవరూ తాకలేరు. విల్ కత్తి దించాడు. ఆ రాత్రి క్యాంపులోకి మిజోరా వచ్చి మాట తప్పినందుకు శిక్ష వేసింది. విల్ తల మీద కొమ్ములు మొలిచాయి. పొద్దున లేచాక అతను తన ముఖం గురించి మాట్లాడిన తీరు, కార్లాక్ అతని వైపు చూడలేకపోవడం, ఇవేవీ ఏ అంకెలోనూ కనబడవు. వీళ్లిద్దర్నీ ఒకే పార్టీలో తిప్పండి. దారిలో వాళ్ల మాటలు వినడం కోసమే నేను కొన్నిచోట్ల పరుగెత్తకుండా నడిచాను.

పోరాటాల గురించి కొంచెం చెప్పాలి. ఎవరిని తీసుకెళ్లినా ఆట గెలవచ్చు, కాబట్టి బలం చూసి మనుషుల్ని ఎంచుకోవాల్సిన పనిలేదు. క్యాంపులో కూర్చున్నవాళ్లకు కూడా మనతో సమానంగా లెవెల్ పెరుగుతుంది, గరిష్ఠం 12. క్యాంపులో విథర్స్ అనే ఎముకల పెద్దాయన ఉంటాడు. 100 బంగారు నాణేలు ఇస్తే ఎవరి విద్యనైనా మొదటి నుంచి మార్చి రాసుకోనిస్తాడు, 200 ఇస్తే చనిపోయినవాళ్లను లేపుతాడు. షాడోహార్ట్ మొదట ట్రిక్కరీ డొమైన్ అనే మాయోపాయాల విద్యతో వస్తుంది, నాకు అంతగా కలిసిరాలేదు. గాయాలు మాన్పే లైఫ్ డొమైన్‌కు మార్చాక ఆమె మందు పెడితే ఒక్కసారికే మనిషి లేచి నిలబడేవాడు. కార్లాక్‌కు నాలుగో లెవెల్‌లో విసిరే దెబ్బకు బలం పెంచే టావర్న్ బ్రాలర్ అనే నైపుణ్యం ఇచ్చి, విసిరితే తిరిగి చేతికొచ్చే రిటర్నింగ్ పైక్ అనే ఈటె పట్టించాను. అక్కడి నుంచి ఆమె వంతు వచ్చిందంటే నాకు ధైర్యం.

సామాను సర్దడం మాత్రం ఓపికతో కూడిన పని. విడుదలైన కొత్తల్లో క్యాంపులో ఉన్నవాళ్ల సంచులు చూడాలంటే వాళ్లను పార్టీలోకి పిలవాల్సిందే. తర్వాత వచ్చిన ప్యాచ్‌తో (అప్‌డేట్‌తో) అందరి సంచులూ ఒకేచోట కనిపిస్తున్నాయి. నేను ప్రతి లెవెల్ పెరిగినప్పుడు పార్టీలో ఒకరిని మార్చేదాన్ని. అలా మార్చినప్పుడల్లా దిగిపోయేవాళ్ల మంచి బూట్లు, ఉంగరాలు తీసి వచ్చేవాళ్లకు తొడగడం నాకు బాగా నచ్చిన ఐదు నిమిషాల పని.

1998లో వచ్చిన మొదటి బాల్డర్స్ గేట్‌లో పార్టీకి ఆరుగురు. అప్పుడు కూడా తోటివాళ్లు ఊరికే వెంట తిరిగేవాళ్లు కాదు. బందీగా ఉన్న డైనహీర్ అనే మాంత్రికురాలిని విడిపించడానికి వెళ్లకుండా కాలయాపన చేస్తే మిన్స్క్ అనే యోధుడు మనతో ఉండడు. అదే మిన్స్క్, అప్పటి తోటివాళ్లలోనే ఒకరైన జహీరా మూడో ఆటలోనూ కలుస్తారు. పాత ఆట ఆడినవాళ్లకు జహీరా మళ్లీ ఎదురైనప్పుడు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

రెండో అంకానికి వస్తాను, ఎందుకంటే నేను మొదటిసారి అన్నీ పోగొట్టుకున్నది అక్కడే. చుట్టూ శాపం పట్టిన చీకటి. దాని మధ్యలో లాస్ట్ లైట్ అనే సత్రం ఒక్కటి వెలుగు కవచం కింద ఉంటుంది. ఆ కవచాన్ని నిలబెట్టేది ఇసొబెల్ అనే పూజారిణి. మనం ఆమెతో మాట్లాడుతుండగానే రెక్కలున్న మార్కస్ ఆమెను ఎత్తుకుపోవడానికి వస్తాడు. ఆమె పడిపోతే కవచం పోతుంది, సత్రం పోతుంది. రెండోసారి ఇది ముందే తెలుసు కాబట్టి, పైకి వెళ్లేముందే పూర్తి విశ్రాంతి తీసుకుని, షాడోహార్ట్‌ను ఇసొబెల్ పక్కనే, కార్లాక్‌ను మార్కస్ ఎదురుగా నిలబెట్టాను. అయినా ఇసొబెల్‌కు ఒక దశలో ప్రాణం ఏడు పాయింట్లే మిగిలింది. షాడోహార్ట్ హీలింగ్ వర్డ్ అనే గాయం మాన్పే మంత్రం వేసింది. ఆ ఒక్క మంత్రంతో కింది అంతస్తులో ఉన్నవాళ్లంతా బతికారు.

బతికినవాళ్లలో డామన్ అనే కమ్మరి ఉన్నాడు. మొదటి అంకంలోనే అతను కార్లాక్ ఇంజిన్‌ను ఒకసారి బాగుచేశాడు. దానికి ఇన్ఫర్నల్ ఐరన్ అనే నరకపు ఇనుము కావాలి. ఇంకో ముక్క తెస్తే మిగతాది చేస్తానన్నాడు. ఈసారి ముందుగానే దాచి ఉంచాను కాబట్టి వెంటనే చేతిలో పెట్టాను. పని అయిపోయాక కార్లాక్ తన చేతుల వైపు చూసుకుంది. పదేళ్ల తర్వాత మనిషిని తాకగలదు. నేను దగ్గరికి తీసుకునే ఆప్షన్ ఎంచుకున్నాను. ఆ కౌగిలి సీన్ అయ్యాక ఆట ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

తర్వాత నైట్‌సాంగ్. షాడోహార్ట్ చీకటి దేవత షార్‌ను కొలుస్తుంది. ఆ దేవత పెట్టిన పరీక్షలన్నీ దాటి చివరికి చేరితే, సంకెళ్లలో ఉన్న నైట్‌సాంగ్ అనే బందీని ఈటెతో చంపాలి. చంపితే షాడోహార్ట్ కోరుకున్న పదవి దక్కుతుంది. మొదటిసారి నేను ఆమెతో రాత్రులు గడపలేదు, మాట్లాడింది తక్కువ. వద్దని చెప్పబోతే వినలేదు. ఈటె దిగింది. తిరిగి సత్రానికి వెళ్లేసరికి వెలుగు లేదు, లోపల మనుషులుగా మిగిలినవాళ్లు లేరు. డామన్ కూడా లేడు. కార్లాక్ కోసం తెచ్చిన ఇనుము నా సంచిలోనే ఉంది. వెనక్కి వెళ్లి సేవ్ లోడ్ చేద్దామంటే అది ఎన్నో గంటల వెనక ఉంది.

రెండోసారి అక్కడికి వెళ్లేసరికి ఆమె గురించి నాకు చాలా తెలుసు. ఈత రాదని తెలుసు. నైట్ ఆర్కిడ్ అనే పువ్వు ఇష్టమని తెలుసు, ఒకటి దొరికితే తెచ్చి ఇచ్చాను. తన జ్ఞాపకాలను తనే దేవతకు అప్పగించిందని ఒక రాత్రి చెప్పింది. లేజెల్ గొంతు మీద ఆమె కత్తి పెట్టిన రాత్రి నేనే మధ్యలోకి వెళ్లి ఇద్దర్నీ విడదీశాను. ఇప్పుడు ఆమె ఈటె ఎత్తి నిలబడింది. తెర మీద ఆప్షన్లు వచ్చాయి. వద్దని ఒప్పించడానికి ప్రయత్నించవచ్చు, చంపమనవచ్చు, ఏమీ అనకుండా ఆమె నిర్ణయానికే వదిలెయ్యవచ్చు. మౌస్ మీద నా వేలు బిగుసుకుపోయింది. పాచిక వేసే ఆప్షన్ మీద బాణం గుర్తు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను. ఇన్ని రాత్రులు విన్నాను కదా అనిపించింది. చివరికి ఆమె ఇష్టానికే వదిలేశాను.

ఆమె చాలాసేపు కదలలేదు. తర్వాత ఈటెను అగాధంలోకి విసిరేసింది.

బయటికి వచ్చాక నేరుగా శత్రువుల కోట మీదికి వెళ్లాల్సిన సమయం. నేను ముందు లాస్ట్ లైట్‌కు వెళ్లాను. వంతెన అవతల కవచం వెలుగుతూనే ఉంది. కొట్టంలో డామన్ పనిచేసుకుంటున్నాడు. అతని దగ్గర కొన్ని బాణాలు కొని, కార్లాక్‌ను పార్టీలోకి పిలుచుకుని, క్యాంపుకు వెళ్లి పూర్తి విశ్రాంతి తీసుకున్నాను.